మా బావ చేతి ముడి

మా అక్క భర్త చెట్లెక్కేవాడు. నేను కింద నిలబడి తాడు పట్టుకునేవాణ్ణి. ఎండిన కొమ్మలు తీయడం, గాలివానకు విరిగి ఇళ్ల మీద వేలాడేవాటిని మెల్లగా దించడం, రోగం పట్టిన చెట్టును చూసి ఉంచాలో తీయాలో చెప్పడం మా పని. శామీర్‌పేట ఫామ్‌హౌసుల నుంచి కుత్బుల్లాపూర్ కాలనీల దాకా మా ట్రాలీ ఆటో తిరగని రోడ్డు లేదు. ఆ పనిలో నేనొక అబద్ధం ఆడాను. దాన్ని కప్పడానికి ఇంకొకటి ఆడాను. ఈ సంగతి రాయాలని చాలాసార్లు కూర్చుని, రాయలేక లేచిపోయాను.

మా బావది అలియాబాద్ దగ్గర కల్లుగీత కుటుంబం. మీసాలు రాకముందే తాటిచెట్లెక్కాడు. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే మోకు ఒక్కటే ఆయన ఆధారం. తాటివనాలు ఒక్కొక్కటే వెంచర్లయ్యాయి. చెట్లు పోయి హద్దురాళ్లు వచ్చాయి. గీయడానికి చెట్టు దొరకని ఏడాది ఆయన కాలనీల్లో కొబ్బరికాయలు దించడానికి పోయాడు, అలా అలా కొమ్మలు కొట్టే పనిలో పడ్డాడు. అప్పట్లో నేను ఇంటర్ తప్పి ఒక నర్సరీలో మొక్కలకు నీళ్లు పట్టేవాణ్ణి. నాకు ఎత్తంటే భయం. మేడ మీద పిట్టగోడ దగ్గరికి కూడా పోను. ఆ సంగతి తెలిసే నన్ను తనతో రమ్మన్నాడు.

"నువ్వు ఎక్కేది లేదు బామ్మర్దీ. కింద నాకు నమ్మకంగల మనిషి గావాలె," అన్నాడు.

శామీర్‌పేట చెరువు అవతల ఒక పెద్ద తోటలో పని చేస్తున్నప్పుడు, ఆ యజమాని బెంగుళూరు నుంచి ఒక చెట్ల నిపుణుణ్ణి పిలిపించాడు. అతను నడుముకూ తొడలకూ పట్టే బెల్టు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, కొమ్మ మీదుగా వేసిన తాడు మీద ఊయల ఊగినట్టు పని చేశాడు. యాభైకి దగ్గరపడిన మా బావ పొద్దంతా పని మానేసి తల పైకెత్తి చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రం అతని దగ్గరికి పోయి, "సారూ, నేనొకసారి ఏసుకుంట," అని అడిగాడు. బెల్టు కట్టుకుని తాడు మీద కూర్చుని రెండు చేతులూ వదిలేశాడు. బతుకంతా చెట్టును వాటేసుకుని పని చేసిన మనిషి, గాలిలో చేతులు ఖాళీగా పెట్టుకుని నవ్వాడు.

దిగాక నాతో మెల్లగా అన్నాడు: "మా తాత తాటిచెట్టు మీదికెల్లి వడి సచ్చిండు. గిది ఉంటే బతుకుతుండె రా."

ఆ నెలలోనే బెల్టు, హెల్మెట్, రెండు తాళ్లు తెప్పించాడు. ఆ నిపుణుడు నాలుగు రోజులు నేర్పినవాటిని నలభై ఏళ్ల అలవాటున్నవాడిలా పట్టేశాడు. పొద్దున పనికి చేరగానే చెట్టు చుట్టూ తిరిగేవాడు. మొదలు దగ్గర పుట్టగొడుగులున్నాయా, మట్టి లేచిందా, పైన తేనెపట్టు ఉందా అని చూసేవాడు. చెక్కసుత్తితో మాను మీద కొట్టి చెవి పెట్టేవాడు. కరెంటు తీగ దగ్గర్లో ఉంటే లైన్‌మన్ వచ్చి బంద్ చేసేదాకా కొమ్మను ముట్టేవాడు కాదు. పైన రంపం పట్టుకున్నంతసేపూ పెద్ద తాడు కాక ఒక చిన్న తాడు కూడా మానుకు చుట్టి ఉండాలనేవాడు. అన్నిటికన్నా ముందు తాడు చూసేవాడు. ఆటో వెనక కూర్చుని, కళ్లు మూసుకుని, నలభై మీటర్ల తాడునూ జానెడు జానెడు చేతుల్లోంచి పోనిచ్చేవాడు. పావుగంట పట్టేది.

"కండ్లు మూస్కునుడు ఏంది బావా?" అని ఒకసారి నవ్వాను.

"తెరిస్తే రోడ్డు మీద పోయేటోల్లను సూస్త. మూస్తే తాడు ఒక్కటే ఉంటది," అన్నాడు.

ఏడేళ్లు అలా పని చేశాం. ఆయన ఒంటి మీద గీరుకుపోయిన గాయాలు తప్ప ఏ దెబ్బా లేదు.

ఆ ఎండాకాలం చివర్లో ఒకరోజు మేడ్చల్‌లో ఆటోకు కొత్త బ్యాటరీ వేయించి, పాతదాన్ని వెనక పెట్టుకుని వస్తున్నాను. స్పీడ్ బ్రేకర్ మీద అది పక్కకు ఒరిగింది. ఇంటికొచ్చి చూస్తే అందులోని యాసిడ్ ద్రవం కారి, తాళ్ల సంచి ఒక మూల తడిసి ఉంది. సంచిని నీళ్లతో కడిగి గోడ మీద ఆరేశాను. లోపల తాడును పైపైన తడిమాను. పొడిగానే ఉన్నట్టు అనిపించింది. బావకు చెప్పలేదు. చెబితే తిడతాడని కాదు. చెప్పవలసినంత సంగతి అనుకోలేదు.

నాలుగు రోజులు పనేమీ దొరకలేదు. ఆ తర్వాత గాజులరామారం వైపు ఒక కాలనీ నుంచి పిలుపు వచ్చింది. మొదటి వానకు ముందొచ్చే గాలి దుమారానికి ఒక పెద్ద నిద్రగన్నేరు కొమ్మ సగం విరిగి, ఒక ఇంటి నీళ్ల ట్యాంకు మీదికి వాలింది. ఇంటావిడ కోస్తా జిల్లాల నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన టీచరు, రిటైరయ్యారు. గేటు దగ్గరే ఎదురొచ్చి, "రాత్రంతా నిద్ర లేదండీ, ఎప్పుడు మీద పడుతుందోనని. కాస్త మజ్జిగ తాగి ఎక్కండి బాబూ," అన్నారు.

తీగలు కొమ్మకు ఆనుకుని ఉన్నాయి. లైన్‌మన్ గంటసేపు మాత్రమే కరెంటు బంద్ చేస్తానన్నాడు. బావ అతనితో స్తంభం దాకా పోయాడు. పోతూ పోతూ, "తాడు నువ్వు సూడు," అని నాకు చెప్పాడు. నేను సంచి విప్పాను. తాడు చుట్ట మీద చెయ్యి ఆనించాను. ఎండ నెత్తి మీద మండిపోతోంది. ఇంటావిడ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, ఎదురింటివాళ్లు అడిగినదానికి జవాబు చెబుతూ నిలబడ్డాను.

బావ గబగబా వచ్చి బెల్టు బిగించుకున్నాడు.

"తాడు సూసినవా?"

"సూసిన బావా."

ఇంతే. ఆయన నా మొహం కూడా చూడలేదు. చూడవలసిన అవసరం ఏనాడూ కలగలేదు. తాడు కొమ్మ మీదికి విసిరి, ఎక్కేముందు ఇద్దరం దానికి వేలాడి చూశాం. గట్టిగానే ఉంది. యాసిడ్ తగిలిన చోటు అప్పుడు ఇంకా కింద కుప్పలోనే ఉంది.

అరగంటలో చిన్న కొమ్మలన్నీ తీసేశాడు. పెద్దదాన్ని కోయడానికి కుప్పలో మిగిలిన తాడు కూడా పైకి లాక్కుని చోటు మారాలి. రంపాన్ని ఒరలో పెట్టి, అడ్డున్న కొమ్మను దాటడానికి చిన్న తాడు హుక్కు విప్పి అవతలికి చాచాడు. ఆ క్షణంలో ఆయన బరువంతా పెద్ద తాడు మీదే ఉంది. నాకు టప్పుమని చిన్న చప్పుడు వినిపించింది. ఎవరో ఎండుపుల్ల విరిచినట్టు. పూలమొక్కల చుట్టూ కట్టిన ఇటుకగట్టు మీద ఆయన నడుము పడింది.

హెల్మెట్ తలను కాపాడింది. ఊపిరి ఉంది. స్పృహ లేదు. ఇంటావిడ అంబులెన్సుకు ఫోన్ చేయడానికి లోపలికి పరుగెత్తారు. అప్పుడు నేను చేసిన పని ఇది: బెల్టు నుంచి హుక్కు విప్పి, తెగిన తాడు రెండు ముక్కలూ చుట్టి సంచిలో కుక్కాను. ఆ తర్వాతే బావ తలను నా చేతుల్లోకి తీసుకున్నాను. ఆ వరుస నేను ఎన్నటికీ మర్చిపోను.

ఆసుపత్రికి అక్క వచ్చి, "ఎట్ల వడ్డడు రా?" అని నా భుజాలు పట్టుకుని ఊపింది.

"ముడి జారిందక్కా," అన్నాను.

వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ తిరిగి రాదని డాక్టర్లు చెప్పారు. రెండు నెలల తర్వాత ఇంటికి తెచ్చి ముందు గదిలో మంచం వేశాం. ఎలా పడ్డాడో ఆయనకు గుర్తులేదు. ముడి జారిందని అక్క చెప్పింది, నేను తలూపాను. ఆయన తన రెండు చేతులనూ ఎత్తి, ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

రెండిళ్లూ గడవాలి. నాకు వేరే పని రాదు. నర్సరీలో నాతో పనిచేసినతన్ని కింద నిలబెట్టి, నేనే ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఒక మామిడిచెట్టు మీద పన్నెండడుగుల ఎత్తులో ముందుకూ పోలేక, దిగనూ లేక మానును పట్టుకుని ఉండిపోయాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. అవతల మంచం మీద నుంచి బావ మాట్లాడుతున్నాడు.

"కిందికి సూడకు అని అందరు జెప్తరు. నువ్వు సూడు. ఎంత ఎత్తుల ఉన్నవో తెల్వాలె. సూసినవా? ఇగ బెల్టు మీద కూసో. సెట్టును ఇడిచిపెట్టు. ఒక్కొక్క ఏలు ఇడువు."

వేళ్లు ఒక్కొక్కటీ వదిలాను.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఏ చెట్టెక్కినా ముందు వీడియో కాల్ చేసేవాణ్ణి. ఫోన్ పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగేవాణ్ణి. "ఆగు, ఎనుకకు వో. గా సందుల నల్లగ ఏందది?" అనేవాడు. ఒక ఫామ్‌హౌసులో చక్కగా పచ్చగా కనిపించే వేపచెట్టు ఉంది. సుత్తితో కొట్టమన్నాడు. ఫోన్ మానుకు ఆనించి కొట్టాను. "ఇంకొంచెం కింద. ఇంకా. ఆఁ." మళ్లీ కొట్టమని విన్నాడు. "ఎక్కకు. లోపల ఏం లేదు. క్రేన్ తెమ్మను," అన్నాడు. ఆ చెట్టును క్రేన్‌తో దించినప్పుడు లోపల మనిషి దూరేంత డొల్ల. లావు కొమ్మను ఒక్క గాటుతో కోయొద్దని, కింద నుంచి కొంచెం కోసి పైకి రమ్మని, లేకపోతే బెరడు మాను దాకా చీరుకుపోతుందని ఎన్నిసార్లు చెప్పాడో. "సెట్టుకు తోలు మల్ల రాదు రా," అనేవాడు. నేను ప్రాణాలతో పని చేసుకున్నానంటే ఆ మంచం మీది గొంతు వల్లే.

ప్రతి కాల్ చివరా ఒకటే మాట: "ముడి నువ్వు ఏస్కో. కానీ ఇంకొకనికి సూపియ్. నా సేతులకే మోసం వచ్చింది. నీ సేతులను నమ్మకు."

నేను "సరే బావా" అనేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం వాన పడి పని ఆగిపోతే ఆయన్ని చూడటానికి పోయాను. మంచం కోడుకు ఒక తాడుముక్క కట్టి ఉంది. దాని మీద ఆయన ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ వేస్తున్నాడు. నన్ను చూసి తాడు నా వైపు చాచాడు.

"జర గట్టిగ గుంజు."

గుంజాను. అది కదల్లేదు.

"ఇంకా గుంజు. రెండు సేతుల్తోని."

కదల్లేదు.

"గా రోజు గూడ గిట్లనే ఏసుంట గదా. నేను వేరే తీరుగ ఎప్పుడన్న ఏసిన్నా? ఎక్కడ తప్పు వోయింది రా?"

వంటింటి గుమ్మంలోంచి అక్క, "పొద్దంత గదే పని. అన్నం తినుమన్న ఇనడు. వచ్చినోల్లందరితోని గుంజిపిస్తడు," అంది.

ఏడాదిగా ఆయన కాళ్లు పోయినందుకు నేను ఏడ్చాను. అవి ఒక్కటే పోయాయనుకున్నాను. ఆ చేతులను కూడా ఆయనకు లేకుండా చేశానని ఆ తాడుముక్క పట్టుకుని నిలబడినప్పుడు తెలిసింది.

"ముడి జారలే బావా," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు.

"తాడు తెగింది. నేను తాడు సూడలే. సూసిన అని జెప్పిన."

బ్యాటరీ సంగతీ, మజ్జిగ తాగుతూ నిలబడిన సంగతీ, ఇంటావిడ లోపలికి పోయినప్పుడు నేను చేసిందీ అన్నీ చెప్పాను. వంటింట్లో అలికిడి ఆగిపోయింది.

ఆయన, "తాడేది?" అన్నాడు.

"మా ఇంట్ల అటక మీద ఉంది."

"తీస్కరా పో."

వానలోనే బండి మీద పోయి తెచ్చాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. మొదలు నుంచి తాడును చేతుల్లోంచి పోనిస్తూ వచ్చాడు. మెత్తటి తాడు ఒకచోట బిరుసెక్కింది. అక్కడ వేళ్లు ఆగాయి. తెగిన కొస చీపురుపుల్లల్లా గట్టిపడి ఉంది. నలిపితే పొడి రాలింది. ఆ పొడిని వేళ్ల మధ్య చాలాసేపు నలిపాడు.

"ముడి?"

"అట్లనే ఉండె. తాడు సంచిల పెట్టేటప్పుడు గూడ ఊడలే. ఇంటికొచ్చినంక నేనే ఇప్పిన. మస్తుసేపు పట్టింది."

అప్పుడు ఏడ్చాడు. ఆసుపత్రిలో ఏడవలేదు. మొదటిసారి తిప్పి పడుకోబెట్టినప్పుడు ఏడవలేదు. రెండు అరచేతులూ మొహం మీద పెట్టుకుని ఒళ్లంతా కదిలేలా ఏడ్చాడు. ఆ కదలిక నడుము దగ్గర ఆగిపోయింది. నేను మంచం దగ్గర కూర్చోబోయాను.

"ఏడాది సంది నా సేతులను నేను తిట్టుకుంటున్న," అన్నాడు. "నువ్వు రోజు ఫోన్ల సరే బావా, సరే బావా అనుకుంట ఇన్నవ్. వడ్డందుకు కాదు రా. తాడు ఎవలదన్న తెగుతది. గిది ఎట్ల సూస్కుంట ఊకున్నవ్?"

కిందపడిన తాడు చుట్టడానికి వంగాను.

"పో," అన్నాడు.

తొమ్మిది రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆ తొమ్మిది రోజులూ నేను ఏ చెట్టూ ఎక్కలేదు. పదో రోజు పొద్దున ఒక కాలనీలో కింద నిలబడి ఒక కానుగ చెట్టును చూస్తూ, ఎక్కాలా వద్దా అని తేల్చుకోలేక ఉండగా ఫోన్ మోగింది.

"ఏ సెట్టు?"

"కానుగ."

"సూపియ్."

మళ్లీ చూపించాను. మళ్లీ చెప్పాడు. ముందులాగే పుట్టగొడుగులు, బెరడు, తీగలు. కానీ ఆ తర్వాత ఎన్నడూ నన్ను బామ్మర్దీ అని పిలవలేదు. ముడిని ఇంకొకరికి చూపించమన్న మాట కూడా మళ్లీ అనలేదు. "నేను నేర్పినట్టు ఏస్కో, సాలు," అనేవాడు. ఆ గొంతులో పాత ధీమా తిరిగి వచ్చింది. అది విన్నప్పుడల్లా నాకు సంతోషమూ అయ్యేది, సిగ్గూ అయ్యేది.

చలికాలం వచ్చేసరికి వీపు మీద పుండ్లు పడ్డాయి. అక్క రెండు గంటలకోసారి తిప్పేది, పొడిగుడ్డతో తుడిచేది, మందు పూసేది. అయినా ఒకటి లోపలికి దిగింది. జ్వరం వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చింది. చివరి వారం నేను ఆయన పక్కనే ఉన్నాను. ఒకరోజు కొంచెం తేటగా ఉన్నప్పుడు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"గా తాడు పారెయ్యకు. పనికి కొత్తగ వచ్చేటోల్లకు సూపియ్. ఎవలు తెంపిండ్రో జెప్పు."

"జెప్త బావా."

"నా ముచ్చట జెప్పకున్నా పర్వాలే. నీది జెప్పు."

మూడు రోజులకు పోయాడు.

ఆ తాడు ఇప్పుడు మా ఆటోలో, పనిముట్ల పెట్టెలో వేరుగా ఉంటుంది. నాతో ఇప్పుడు ముగ్గురు పని చేస్తున్నారు. ముగ్గురూ పెళ్లాం పిల్లలు ఉన్నవాళ్లు. చేరిన రోజే ఆ బిరుసు కొసను వాళ్ల చేతుల్లో పెట్టి జరిగిందంతా చెప్పాను. నాలుగో అతను ఒకడు చేరాడు గానీ, అది విని మర్నాటి నుంచి రాలేదు. నాలాంటివాడి కింద పని చేయడం ఇష్టం లేకపోయిందేమో. అతన్ని తప్పు పట్టను. ఆ నిద్రగన్నేరు కొమ్మను తర్వాత ఎవరో క్రేన్ తెచ్చి దించారట. ఇంటావిడ ఇప్పటికీ పండగలకు ఫోన్ చేసి అక్క ఎలా ఉందని అడుగుతారు.

అక్క మాత్రం ఆ వాన రోజు నుంచే నాతో మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, రావద్దనలేదు. నేను పోతే పళ్లెంలో అన్నం పెట్టి ముందుకు జరిపి, వెనక్కి తిరిగి తన పని చూసుకునేది. బావ పోయాక ఆమె శామీర్‌పేట దగ్గర నర్సరీలో పనికి కుదిరింది. నా దారి కూడా అటే కాబట్టి పొద్దున ఆటోలో ఎక్కించుకుపోతాను. ఏడాదిన్నరగా పక్కన కూర్చుని రోడ్డు చూస్తూ వస్తుంది, నర్సరీ గేటు దగ్గర దిగిపోతుంది.

మొన్నొక రోజు గేటు దగ్గర ఆపినా దిగలేదు. కొంగు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది.

"నిన్నొకటి అడుగుత," అంది.

ఇంజను ఆపేశాను.

"వడేటప్పుడు ఆయన ఏమన్న అన్నడా? నన్ను గానీ, ఎవల్నన్న గానీ యాది జేసిండా?"

ఆ ప్రశ్నను ఆమె ఎంతకాలంగా లోపల పెట్టుకుని తిరుగుతోందో. అవునని చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. నీ పేరే అన్నాడక్కా అంటే, ఆ ఒక్కమాట పట్టుకుని ఆమె మిగిలిన బతుకు గడుపుకుంటుంది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. అడ్డు చెప్పేవాళ్లూ లేరు.

"ఏమన్లేదక్కా," అన్నాను. "గంత టైం లేకుండె. సప్పుడు గూడ జెయ్యలే."

ఆమె నా మొహంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత చూసింది. బాగా ముసలిదైపోయింది మా అక్క.

"నిజమేనా?"

"నిజమే."

"సరే," అంది. అన్నం డబ్బా సంచి తీసుకుని దిగింది. గేటు దాకా పోయి, మొక్కల సంచులు మోస్తున్న ఆడవాళ్లలో కలిసిపోయింది. నేను కాసేపు అక్కడే ఆగి, పనికి పోయాను.